పిడికెడు నల్ల ఉన్ని

ముందే ఒప్పుకుంటున్నాను: ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. నేను ఏనుగును చూశానంటే మా ఊరివాళ్లు ఎనుబోతు అనుకుంటారు. ఎనుబోతును చూశానంటే మేకపిల్ల అనుకుంటారు. మీరూ అట్లాగే తగ్గించుకుని చదవండి. సగానికి సగం కోసేసినా నాకు నష్టం లేదు, అది లెక్కలో పెట్టుకునే ఎక్కువ కొలిచి పోస్తాను. గొర్రెల విషయంలో మాత్రం అబద్ధమాడను. మా కులదేవుడు బీరప్ప మీద ఒట్టు.

నేను పశువుల దవాఖానలో కాంపౌండర్‌ని. పేరు యాదగిరి. ఆ పేరుతో నన్ను పిలిచేది జీతాల రిజిస్టరు ఒక్కటే, మిగతా లోకమంతా ‘పట్కారోడు’ అంటుంది. పొట్టేళ్ల విత్తు నొక్కడానికి మా దగ్గర ఒక పెద్ద ఇనుప పట్కారు ఉంటుంది. కోత లేదు, నెత్తురు లేదు. ఒక్క నొక్కు, ఆ మీదట ఆ పొట్టేలు సన్యాసి. నా సర్వీసులో నేను సన్యాసం ఇప్పించిన పొట్టేళ్లను వరసగా నిలబెడితే నల్లగొండ నుంచి శ్రీశైలం దాకా రోడ్డు మూసుకుపోతుంది.

ఈ ప్రయాణం ఆ పట్కారు వల్లనే చేయాల్సి వచ్చింది.

నల్లగొండ: బకెట్ కాలిన వాసన

సోమవారం పొద్దున మా అక్క సాయమ్మ ఫోను చేసింది. ఆమె మాట్లాడితే ఫోను దండగ, మూడు ఊళ్ల అవతల నుంచి నేరుగానే వినిపిస్తుంది. శుక్రవారం ఆమె బిడ్డ రజిత పెండ్లి. ఉన్నపళంగా రమ్మంది. వెళ్లేసరికి వాకిట్లో చిన్న మంట పెట్టి, దాని ముందు గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో నల్లటి ఊలు ఉండ.

మేం గొర్రెలు కాసే కుర్మోళ్లం. మా ఇంట్లో పెండ్లి కంకణం నూలుతో కట్టరు, నల్ల గొర్రె ఉన్నితో కడతారు. ఆ ఉన్ని మేనమామే తేవాలి. పాత గొంగడి విప్పిన దారం పనికిరాదు, చచ్చిన గొర్రెది అసలే పనికిరాదు. బతికున్న గొర్రె మీద అప్పుడే కోసిన పచ్చి ఉన్ని కావాలి. మూడు తరాలుగా మా ఇంట్లో ఈ ఆచారం గురించి ఎవరూ ఆలోచించలేదు. ఎందుకంటే ఆలోచించాల్సిన పని లేదు, చెయ్యి చాపితే నల్ల గొర్రె తగిలేది.

ఇప్పుడు మా ఊరి మందలో నల్లది ఒక్కటి లేదు. అన్నీ పొడుగు కాళ్ల ఎర్ర గొర్రెలు. ఒంటి మీద కుక్కకు ఉన్నంత బొచ్చు కూడా ఉండదు. అందుకని ముందురోజు నేను టౌన్లో పెద్ద దుకాణానికి వెళ్లి నల్ల ఊలు ఉండ కొని పంపించాను. ఏ దేశంలో తయారైందో, దాని చుట్టూ ఉన్న కాగితం మీద అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి.

అక్క ఆ ఉండ నుంచి ఒక పోగు తెంపి మంటకు చూపించింది. గొర్రె ఉన్ని అయితే చిటపటమని, తల వెంట్రుక కాలిన కంపు కొట్టి, బూడిదవుతుంది. ఇది కరిగి, బొట్టుగా మారి, నేల మీద టప్పున పడింది.

“ఒరే యాదిగా, గిది గొర్రె బొచ్చు కాదు, బక్కెట్ బొచ్చు” అంది అక్క.

“దుకాణపోడు ఒరిజినల్ అన్నడక్కా.”

“ఒరిజినలే. ఒరిజినల్ బక్కెట్.”

పెండ్లికొడుకు తాత సంగతి అప్పుడు చెప్పింది. ఆయన పీటల దగ్గర కంకణం నుంచి ఒక పోగు లాగి దీపానికి పెట్టి వాసన చూస్తాడట. బకెట్ వాసన వస్తే లేచిపోతాడట.

“శుక్కురారం పొద్దుగాల ముహూర్తం. నల్ల ఉన్ని లేకుంట నా బిడ్డను పీటల మీద కూసోబెట్ట. నువ్వు మేనమామవో, మామిడి తోరణానివో నువ్వే తేల్చుకో.”

“ఇప్పుడు నల్ల గొర్రెను యాడికెల్లి తేవాలె?”

“నన్నడుగుతున్నవా? ఉన్నయన్ని నొక్కి పడేసినోనివి నువ్వే గదరా!”

అది నిజం. రాష్ట్రం వచ్చిన కొత్తల్లో కోస్తా వైపు నుంచి లారీలకు లారీలు ఎర్ర గొర్రెలు దిగాయి. పట్నం వ్యాపారులకు ఎర్రదే కావాలి, బరువు తూగుతుంది. ఉన్నికేమో గిరాకీ పోయింది. పరాయి దేశపు మెత్తటి ఉన్ని వచ్చింది, ప్లాస్టిక్ దుప్పట్లు వచ్చాయి, గుచ్చుకునే మన గొంగడి ఎవరు కప్పుకుంటారు? గొర్రెలవాళ్లే స్వయంగా నా దగ్గరికి వచ్చి, “సారూ, నల్ల పొట్టేల్లను నొక్కు. ఆడగొర్లను ఎర్రదే దాటాలె” అన్నారు. నేను నొక్కాను. ఇంటింటికి వెళ్లి నొక్కాను. మంచిగా నొక్కుతాడని నాకు పేరు కూడా వచ్చింది.

దేవరకొండ దాటాక: కోళ్ల కోట

మంగళవారం పొద్దున నా మోటారు సైకిల్ మీద బయలుదేరాం. వెనకాల మా బావ కొమురయ్య, అంటే సాయమ్మ మొగుడు. ఆయన రోజుకు పదకొండు మాటలు మాట్లాడతాడు, అందులో ఏడు ‘ఊఁ’. మా అక్కను చేసుకున్నాక మిగిలిన మాటలు వాడే అవకాశం దొరకలేదు పాపం.

దేవరకొండ దాటగానే వాన అందుకుంది. చినుకులు ఒక్కొక్కటి కొబ్బరికాయంత. (సరే, నిమ్మకాయంత.) నా మీద రెయిన్‌కోటు ఉంది, అయినా నడుము దాకా తడిసిపోయాను. చిన్నప్పుడు ఇంతకంటే పెద్ద వానలో మా బాపు వెంట మంద దగ్గర ఉండేవాణ్ని. బాపు గొంగడిని ఒక కొస మడిచి తల మీద కొప్పెర పెట్టుకునేవాడు. నేను ఆ గొంగడి లోపల, ఆయన నడుముకు అతుక్కుని. బయట ప్రళయం, లోపల వెచ్చగా చింతగింజల గంజి వాసన, బీడీ వాసన, గొర్రె వాసన. కొత్త గొంగడికి చింతగింజల గంజి పట్టిస్తారు, బిర్రుగా ఉండాలని. వాన చుక్క దాని మీద పడి జారిపోయేదే తప్ప లోపలికి దిగేది కాదు. బాపు పోయినప్పుడు ఆ గొంగడిని ఆయన మీదే కప్పి పంపించాం. ఇప్పుడు నాకు మూడు రెయిన్‌కోట్లున్నాయి. మూడింట్లోనూ తడుస్తాను.

డిండి చేరకముందే రోడ్డు పక్కన ఒక పొడుగాటి రేకుల షెడ్డు కనిపించింది. దూరి నిలబడబోతే ఒకాయన చేతులు చాపి అడ్డం వచ్చాడు.

“ఆగుండ్రి! చెప్పులిప్పి గీ నీల్లల్ల కాల్లు ముంచుండ్రి.”

గడప ముందు చిన్న తొట్టిలో గులాబీ రంగు మందు నీళ్లు.

“మాకేం రోగం లేదన్నా” అన్నాను.

“మీకు లేదు కావొచ్చు. మీ చెప్పులకు ఉంటది. కంపెనోల్లు చూసిండ్రంటే నా పని ఖతం.”

బావ బుద్ధిగా కాళ్లు ముంచి, “పెండ్లినాడు అత్తగారింట్ల గూడ ఇంత మంచిగ కడగలే” అన్నాడు. ఆ రోజు కోటా దాదాపు అయిపోయింది.

ఆయన పేరు శ్రీశైలం. లోపల తెల్లటి కోళ్లు. ఎన్ని అని అడక్కండి. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే తెల్లదుప్పటి పరిచినట్టుంది, ఆ దుప్పటి ఊపిరి పీలుస్తోంది. నలభై రోజుల్లో కోడి తయారు. మా చిన్నప్పుడు నలభై రోజులకు కోడిపిల్ల ఇంకా తల్లి రెక్క కింద నుంచి తొంగి చూసేది.

“పిల్లలు కంపెనీయి. దాణా కంపెనీది. మందు కంపెనీది. డాక్టర్ గూడ కంపెనోడే” అన్నాడు శ్రీశైలం.

“మరి నీది?”

“షెడ్డు నాది. కరెంటు బిల్లు నాది. ఎండకాలం కోల్లు సస్తే ఆ ఏడుపు గూడ నాదే.”

వాన తగ్గేలా లేదు. ఆయన భార్య భోజనం పెట్టింది. ఇన్ని వేల కోళ్ల నడుమ కూర్చుని మేం తిన్నది పప్పుచారు, వంకాయ కూర. ఆ షెడ్డు పెట్టినవాళ్ల ఇంట్లో నాటుకోడిని పెంచకూడదని కంపెనీ షరతు, జబ్బులు అంటుతాయని. అందుకని బోనాలప్పుడు మొక్కు తీర్చడానికి పక్క ఊరి నుంచి కోడిని కొనుక్కొచ్చి, ఊరి బయటే కోసి తెచ్చుకున్నారట. ఆ మాట చెబుతూ శ్రీశైలం భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“రేటెట్లుంది?” అని అడిగాను.

“గది మన చేతుల లేదన్నా. యాడనో బ్రెజిలంట, ఆడ వాన పడకుంటే గీ డిండిల దాణా పిరమైతదంట. మా నాయిన గొర్లు కాసిండు. మా ఊల్లె వాన పడలేదంటే పక్కూరికి తోలుకపోయిండు. నేను బ్రెజిల్‌కు కోల్లను తోలుకపోతనా?”

“మీ నాయిన గొర్లు ఏ రంగు?” అని బావ అడిగాడు.

“నల్లయే. ఎర్రయి వచ్చినాక అమ్మేసినం. ఎవడో పట్కారోడు వచ్చి మా పొట్టేలును నొక్కిపోయిండు. నాయిన మూడు దినాలు బువ్వ తినలే.”

బావ నా వైపు చూశాడు. నేను వంకాయ కూర వైపు చూశాను. శ్రీశైలం చెప్పిన పట్కారోడు నేను కాదు, ఆ ఊళ్లో నేనెప్పుడూ పనిచేయలేదు. పట్కార్లు చాలా ఉండేవి అప్పుడు. అయినా రెండో వడ్డన వద్దన్నాను.

కల్వకుర్తి: వేళ్లకూ యాస ఉంటుంది

బుధవారం కల్వకుర్తి దగ్గర గొర్రెల సంతకు చేరాం. పదివేల గొర్రెలు. (మూడు వందలు అనుకోండి.) అంతా ఎర్రమట్టి లేచి నడుస్తున్నట్టుంది. ఒక్క నల్ల మచ్చ కోసం వెతికి వెతికి కళ్లు నొప్పిపెట్టాయి. దూరంగా ఒకటి కనబడితే పరిగెత్తుకెళ్లాను. అది బురదలో పొర్లిన ఎర్రది.

చిన్నప్పుడు ఇట్లాంటి సంతలో ఒక మూలన ఉన్ని కుప్పలుండేవి. ఉన్ని కోసిన రోజు మా ఇంట్లో పండుగే. కోతగాళ్లు కత్తెరలు నూరుకుంటూ వచ్చేవాళ్లు. మొదటి పిడికెడు బీరప్పకు, మిగతాది వ్యాపారికి. ఆ రోజు జొన్న గటక మానేసి వరిబువ్వ వండేవాళ్లు. ఇప్పుడు ఉన్ని కోయించుకోవడానికి ఎదురు డబ్బులిచ్చి, కోసిన ఉన్నిని చెలకల్లో పారేస్తున్నారని సంతలో చెప్పారు.

సంతలో బేరం నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. ఫోన్లలో గొర్రెల వీడియోలు తిరుగుతున్న ఈ కాలంలో కూడా ఆ తువ్వాల మాత్రం పోలేదు. జాంగీర్ అనే దళారి దగ్గరికి బావ వెళ్లి నిలబడ్డాడు. జాంగీర్ అలవాటుగా తువ్వాల చాపాడు, బావ అలవాటుగా చెయ్యి పెట్టాడు. మా నల్లగొండ వైపు చూపుడు వేలు పట్టి వదిలేస్తే “ఆలోచిస్తా” అని అర్థం. కల్వకుర్తిలో “ఖాయం” అనట. బావ పాపం ఆలోచిస్తానన్నాడు. మరుక్షణం పన్నెండు ఎర్ర పొట్టేళ్ల పగ్గాలు ఆయన చేతిలో ఉన్నాయి.

“యాదగిరీ!” అని అరిచాడు బావ. ఆయన అరవగా నేను మొదటిసారి విన్నది అప్పుడే.

పన్నెండు పొట్టేళ్లు పన్నెండు దిక్కులకు లాగుతుంటే (దిక్కులు ఎనిమిదే, మిగతా నాలుగు బావ కనిపెట్టాడు) సంతంతా చుట్టూ చేరింది. పెండ్లి సంగతి, ఉన్ని సంగతి నేను మొరపెట్టుకున్నాను. జాంగీర్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

“మీ నల్లగొండోల్ల వేల్లకు గూడ యాసనే! పో అన్నా, బేరం క్యాన్సల్. అందరికి చాయ తాగిపియ్యి, సరిపోతది.”

సంతంతా చాయ తాగింది. నాకు తెలిసి రెండు పొట్టేళ్లు కూడా తాగాయి.

“నల్లయి యాడ దొరుకుతయి జాంగీర్ భాయ్?” అన్నాను.

“నల్లదాన్ని ఏం జేస్కుంటరన్నా? బరువు రాదు. గిప్పుడు మాల్ పట్నం పోతది. అందుల మంచిది కోసినాక ఇమానమెక్కి దుబాయి పోతది. ఎర్రదానికే పాస్‌పోర్టు.” గ్లాసు ఖాళీ చేసి, కాస్త ఆలోచించాడు. “మక్తల్ అవతల గుట్టల మీద బీరయ్య అని ముసలాయన ఉన్నడు. ఎంత జెప్పినా నల్లయి ఇడ్వడు. మొండోడు.”

మక్తల్ అవతల గుట్టలు. మా ఊరి వైపు నొక్కడం అయ్యాక, బదిలీ మీద నాలుగేళ్లు నేను పనిచేసింది అక్కడే. నేను నొక్కకుండా వదిలిన గుడిసె అక్కడ లేదు. నాకు చాయ చేదెక్కింది.

“పోదాం పా” అన్నాడు బావ. నాకు ఇంటికి పోదామని ఉంది. కానీ ఇంట్లో మా అక్క ఉంది.

మహబూబ్‌నగర్: చవక పులి

సాయంత్రానికి మహబూబ్‌నగర్. రోడ్డు పక్కన తాడు కట్టి దుప్పట్లు వేలాడదీసి అమ్ముతున్నారు. ప్రతి దుప్పటి మీదా ఒక పులి. మూడు వందల యాభైకి అంత పులిని ఏ అడవీ ఇవ్వదు. బావ ఒకదాన్ని నిమిరి చూసి, “మెత్తగుంది” అన్నాడు. అది మెచ్చుకోలో తిట్టో తెలియలేదు. అన్నాక కూడా చెయ్యి తీయలేదు.

బస్టాండు ముందు ఒక ముసలామె పల్లీలు అమ్ముతోంది. మాటల్లో చెప్పింది, ఆమె వయసులో ఉన్నప్పుడు పాలమూరు జనమంతా మట్టి పనికి బొంబాయి బస్సులెక్కేవాళ్లని, వెనకాల మందలు మాత్రం ఊళ్లోనే ఉండేవని. “గిప్పుడు మేం ఈడ్నే ఉన్నం బిడ్డా, గొర్లే ఇమానాలెక్కుతున్నయి” అంది. పది రూపాయల పల్లీలకు ఇరవై రూపాయల మాట.

మక్తల్ దాటాక: గుట్ట మీద బీరయ్య

గురువారం పొద్దున మక్తల్లో ఉగ్గాని తిన్నాం. మరమరాలు నానబెట్టి, ఉల్లిగడ్డ తాలింపు పెట్టి, పైన మిరపకాయ బజ్జి. మా నల్లగొండలో మరమరాలంటే పిల్లలకు పొట్లం కట్టిచ్చేవి, ఇక్కడ వాటితో మనిషి మధ్యాహ్నం దాకా దున్నగలడు.

గుట్ట సగం ఎక్కేసరికి మొదట వాసన తగిలింది. నాకు యాభై రెండేళ్లు, కానీ ఆ వాసనకు నేను ఎనిమిదేళ్లవాణ్ని అయిపోయాను. తడి ఉన్ని వాసన. బండరాళ్ల నడుమ మంద. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు: నలభై ఉంటాయేమో, అందులో నల్లవి పదిహేను. వాటి నడుమ గొంగడి కొప్పెర వేసుకున్న ముసలాయన. ఆ గొంగడి లోంచి ఫోను మోగింది. ఆయన తీసి, “సంతల చాయ తాగిపిచ్చినోల్లా? వచ్చిండ్రు, వచ్చిండ్రు” అని పెట్టేశాడు. జాంగీర్ మాకంటే ముందే వార్త పంపాడన్నమాట.

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. అప్పట్లో నాకు మీసాలుండేవి, తల మీద వెంట్రుకలుండేవి. ఇప్పుడు రెండూ లేవు, కాలం వాటిని కోసి ఏ చెలకలో పారేసిందో.

గుడిసె ముందు బీరయ్య భార్య లచ్చమ్మ కదురు తిప్పుతోంది. సంగతి చెప్పి, “ఎంతియ్యమంటవు పెద్దయ్యా?” అన్నాను.

“పెండ్లి ఉన్నికి పైసలు తీస్కుంటే మందకు గజ్జి తగుల్తది బిడ్డా. నీ చేతులతోని నువ్వే కోస్కో. మేనమామవు గదా.”

పెద్ద నల్ల పొట్టేలును తెచ్చాడు. కొమ్ములు రెండు చుట్లు తిరిగి ఉన్నాయి. నేను దాన్ని ఎదురు రొమ్ము దగ్గర పట్టి, మోకాళ్ల నడుమ బిగించి, ఒక్క ఊపులో కూర్చోబెట్టాను. వేల సార్లు చేసిన పని. చేతులు అడక్కుండానే చేసేశాయి. కత్తెరతో ఎడమ భుజం దగ్గర పిడికెడు కోశాను. బొగ్గులాంటి నల్ల ఉన్ని, మొదళ్లలో కాస్త ఎర్రజీర.

బీరయ్య తల పంకించాడు. “పట్టుడు మంచిగ తెల్సినట్టుందే! గిట్ల పట్టేటోన్ని ఒక్కన్నే చూసిన. పట్కారోడు.”

నా చేతిలో కత్తెర ఆగింది.

“ఎవరాయన?” అన్నాడు బావ, పక్కకు తిరిగి.

“ఉండె ఒకడు, దవాఖానోడు. నల్ల పొట్టేలు ఉందని తెలిస్తే ఇంట్ల జొర్రేది. గీ గుట్ట మీద అన్ని నొక్కిండు. గీ పొట్టేలుకు తాత ఉండె, అప్పుడు చిన్న పిల్ల. వాడు మోటర్ మీద వస్తున్నడని సప్పుడు ఇన్న. ఏం జెయ్యాలె? పిల్లను గుడిసెల పండవెట్టి, కాల్లు గట్టి, గొంగడి కప్పిన. వాడు లోపటికి వచ్చిండు. గొంగడి కదుల్తాంది. మూలుగుతాంది. ఎవరంటడు. మా ఇంటిది, జరం వచ్చిందన్న.”

“నన్ను గొర్రెను జేసిండు” అంది లచ్చమ్మ, కదురు ఆపకుండా. “నేను ఇంటెనక కట్టెలు కొడుతున్న. దగ్గుదామంటే దగ్గ రాకపాయె, లోపట జరంతోని పండుకున్ననాయె.”

“పాపం వాడు మంచోడే” అన్నాడు బీరయ్య. “రెండు జరం గోలీలు తీసి చేతుల వెట్టి, వేడి నీల్లతోని ఎయ్యమన్నడు. పొయ్యిండు. ఆ గోలీలు పొట్టేలే నమిలింది.”

నాకు గుర్తొచ్చింది. వర్షాకాలం, చీకటి గుడిసె, గొంగడి కింద సన్నటి మూలుగు. ముసలామె మూలుగు మరీ గొర్రె మూలుగులా ఉందే అనుకున్నాను కూడా. ఆ రోజు గొంగడి ఎత్తి చూసి ఉంటే రజిత కంకణానికి ఉన్ని ఉండేది కాదు. నా ఒక్క పొరపాటు వల్ల బతికిన వంశం నా మోకాళ్ల నడుమ ఊపిరి పీలుస్తోంది.

“పెద్దయ్యా,” అన్నాను. “ఆ పట్కారోన్ని నేనే.”

బీరయ్య నన్ను పైనుంచి కిందికి చూశాడు. లచ్చమ్మ కదురు ఆగింది. ఆ తర్వాత ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గు తెరలోకి దిగి, తేరుకుని, “అయితే మా ముసల్దాని జరం తగ్గిందా లేదా సూద్దామని వచ్చినవా బిడ్డా?” అన్నాడు. బావ కూడా నవ్వాడు. గుట్ట అంతా నవ్వింది.

ఆ నవ్వుల్లో నేను పట్టు వదిలానో ఏమో, పొట్టేలు లేచి, నాలుగడుగులు వెనక్కి వేసి, వచ్చి నా తొడ మీద ఒక్కటి కుమ్మింది. నేను రాళ్ల మీద పడ్డాను. కత్తెర ఒక దిక్కు, చెప్పు ఒక దిక్కు. ఉన్ని మాత్రం పిడికిట్లోనే ఉంది.

లచ్చమ్మ అక్కడికక్కడే దాన్ని దువ్వి, వడికి, రెండు మూరల పోగు చేసి ఇచ్చింది. కొస ముడివేస్తూ, “పిల్ల పేరేంది?” అంది. రజిత అన్నాను. “రజితా, సల్లగుండు బిడ్డా” అని పోగుకే చెప్పింది.

మళ్లీ నల్లగొండ

శుక్రవారం పొద్దున పీటల దగ్గర పెండ్లికొడుకు తాత కంకణం నుంచి పోగు లాగి దీపానికి పెట్టాడు. చిటపటమంది. పందిరంతా వెంట్రుక కాలిన కంపు. మంచి సెంట్లు పూసుకొచ్చిన పట్నపు చుట్టాలు ముక్కులు మూసుకున్నారు. తాత మాత్రం కళ్లు మూసుకుని, ఊపిరి గుండెల నిండా లాగి, “గొర్రెనే” అన్నాడు. ఆయన కంట్లో నీళ్లున్నాయి. పొగ వల్లనేమో, నేను అడగలేదు. మా అక్క నా వైపు చూసి, మామిడి తోరణం వైపు చూసి, మళ్లీ నా వైపు చూసింది. మేనమామ గెలిచాడు.

ఇక ఒప్పుకోలు. సంత గొర్రెల లెక్క, వాన చినుకుల సైజు మీరు ఈపాటికే కోసేసి ఉంటారు. పొట్టేలు కుమ్మింది నిజం, తొడ మీద మచ్చ ఇంకా ఉంది, అడిగితే చూపించను. గోలీలు నిజం. లచ్చమ్మ పోగుతో మాట్లాడింది నిజం. లెక్కలు పక్కన పెడితే, గొర్రెల విషయంలో ఒట్టు తప్పలేదు. కల్పించింది ఒక్కటే: “ఆ పట్కారోన్ని నేనే” అన్న మాట.

నేను అనలేదు. కాబట్టి ఆయన నవ్వనూ లేదు. జరం తగ్గిందా అని ఆయన అన్నట్టు రాసిన మాట నాదే, తిరుగు దారిలో అల్లుకున్నది. ఆయన అట్లా అని ఉంటే నాకు బాగుండేది.

జరిగింది ఇంతే. పట్కారోడి కథ విని నేను తల వంచుకుని కోత పూర్తి చేశాను. పోగు జేబురుమాలులో చుట్టుకున్నాను. బండి స్టార్ట్ చేయబోతుంటే బీరయ్య దగ్గరికొచ్చి, “ఏం పని జేస్తవు బిడ్డా?” అని అడిగాడు.

“టీచర్ను” అన్నాను.

“మంచి నౌకరి సారు. పోరగాల్లకు మన నల్ల గొర్రె గురించి గూడ జర చెప్పు” అన్నాడు ఆయన, చేతులు జోడించి.

గుట్ట దిగాం. మక్తల్ దాటాం. దేవరకద్ర దాటాం. బావ ఒక్క మాట మాట్లాడలేదు, ఆయన మామూలుగానే మాట్లాడడు కదా అని నేను ధైర్యంగా ఉన్నాను. మహబూబ్‌నగర్ పొలిమేరలో, పులి దుప్పట్లు కనబడుతున్న చోట, వెనక నుంచి నా చెవి దగ్గరికి వంగాడు.

“ఏం సబ్జెక్టు, బామ్మర్దీ?”